గుమ్మం దగ్గర పరిగె



వాక్యభాగం: రూతు గ్రంథం 2వ అధ్యాయం. లేవీయకాండం 19వ అధ్యాయం 9, 10 వచనాలు కూడా పక్కన పెట్టుకుని చదవండి.

ఈ నవంబరులో మన యవ్వనస్తుల కూటమిలో ఒక ప్రశ్న లేచింది. బోధన్ వైపు ఇటుక బట్టీల దగ్గర రేకుల గుడిసెల్లో ఉండే వలస కూలీల పిల్లలకు, చలి ముదరకముందే దుప్పట్లు ఇవ్వాలని వాళ్ల ఆశ. సంఘంలో కానుక పడితే సగానికి కూడా చాలలేదు. నిజామాబాద్‌లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది. శని, ఆదివారాల సాయంత్రాలు దాని గుమ్మం ముందు డబ్బా పట్టుకుని నిలబడదామన్నారు. అక్కడ ఏ చందాల వాళ్లనూ నిలబడనివ్వరని వాళ్లకు తెలుసు. అయినా మంచి పనికి ఎవరు అడ్డం చెప్తారులే అనుకున్నారు.

అడ్డం చెప్పాల్సిన మనిషి మన సంఘంలోనే ఉన్నాడు. ఆ గుమ్మం దగ్గర కాపలా డ్యూటీ ఆయనదే. రాత్రి పని దిగి నేరుగా మా ఇంటికి వచ్చి ఒకటే మాట అడిగాడు. "అయ్యగారూ, పిల్లలొస్తే నేనే ఆపాలె. ఆపకుంటే నా డ్యూటీ పోతది. ఆపితే ఆదివారం గుడికి ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

ఆ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేదు. మేమిద్దరం, అంటే మేమూ అమ్మగారూ, ఆ రాత్రి రూతు గ్రంథం తెరిచాం. అక్కడ దొరికిందే ఈ వారం మీతో పంచుకుంటున్నాం.

ముందు దుకాణం వైపు న్యాయం కూడా చూద్దాం. ఆ స్థలం వాళ్లది. సామాన్లు కొనడానికి చంటిపిల్లను ఎత్తుకుని వచ్చే తల్లిని నలుగురు చుట్టుముట్టి డబ్బా ఊపితే ఆమె ఇంకోసారి అటు రాదు. అనాథాశ్రమం పేరు చెప్పి, లామినేషన్ చేసిన ఫోటో మెడలో వేసుకుని, రసీదు పుస్తకం చేతబట్టుకుని తిరిగేవాళ్లలో నిజమైనవారెవరో, కానివారెవరో గుమ్మం దగ్గరి మనిషి ఎలా తేల్చుకోవాలి? ఒకరికి ఒప్పుకుని ఇంకొకరికి వద్దంటే, మా దేవుడికైతే వద్దు, వాళ్ల దేవుడికైతే ముద్దా అని తగాదా వస్తుంది. అందరికీ వద్దనడం వాళ్లకు తేలిక.

ఇది మన ఊరి తంటా మాత్రమే కాదు. అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో రక్షణ సైన్యం వారు దుకాణాల ముందు ఎర్ర గిన్నె వేలాడదీసి, గంట వాయిస్తూ బీదల కోసం కానుక అడుగుతారు. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ మెక్‌ఫీ అనే కెప్టెన్ వెయ్యి మంది బీదలకు క్రిస్మస్ భోజనం పెట్టాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. తాను నావికుడిగా ఉన్న రోజుల్లో లివర్‌పూల్ రేవులో చూసిన చందా గిన్నె గుర్తొచ్చి, పడవలు దిగే చోట ఒక గిన్నె పెట్టాడు. ఆ గిన్నె తర్వాత ఊరూరా దుకాణాల గుమ్మాలకు చేరింది. 2004లో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఇకమీదట తమ గుమ్మాల ముందు గంట వద్దంది. అంతకుముందు ఏడాది ఆ ఒక్క సంస్థ గుమ్మాల దగ్గరే సుమారు 90 లక్షల డాలర్లు పోగయ్యాయి. వాళ్లు చెప్పిన కారణం మనకూ తెలిసినదే. మిగతా సంస్థలూ మాకూ చోటివ్వమని అడుగుతున్నాయి, ఒకరికిచ్చి ఒకరికి లేదనలేం అన్నారు. వందేళ్లు దాటిన మంచి పేరు కూడా అక్కడ నిలబడే చోటు సంపాదించలేకపోయింది.

మన బజారు పద్ధతి వేరుగా ఉండేది, ఇప్పటికీ గాంధీచౌక్ చుట్టుపక్కల గల్లీలలో కొంత మిగిలే ఉంది. గురువారం వచ్చిందంటే ఊదు పొగ వేస్తూ ఫకీరు వస్తాడు. శనివారం నూనె గిన్నెతో ఇంకొకరు వస్తారు. వినాయక చవితికి చందా పుస్తకాలు, రంజాన్ నెలలో మదర్సాల రసీదులు, అయ్యప్ప మాలలో ఉన్నవారి భిక్షలు, డిసెంబరులో మన క్యారల్స్ పిల్లలు. సేటు గల్లా పక్కన చిన్న పళ్లెంలో రూపాయి, రెండు రూపాయల బిళ్లలు పోసి పెట్టుకుంటాడు. ఇచ్చేదేదో ఇచ్చి పంపుతాడు. ఇవ్వలేనప్పుడు మన నిజామాబాద్ బజారులో ఒక మాట ఉంది. "మాఫ్ కరో."

ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. విసుగ్గా అనేవారున్నారు, కోపంగా అనేవారున్నారు, తల ఎత్తకుండా అనేవారున్నారు. కానీ ఆ మాటకు అర్థం ఏమిటి? నన్ను క్షమించు. చెయ్యి చాపినవాడిని ఉత్త చేతులతో పంపేవాడు వాడినే క్షమాపణ అడుగుతున్నాడు. నీకు ఇవ్వకపోవడం నాకు హక్కే కావచ్చు, అయినా నీ దగ్గర నాకు ఏదో బాకీ ఉంది అని ఆ మాట ఒప్పుకుంటుంది. కొత్త గుమ్మాల దగ్గర వినబడే మాట "పర్మిషన్ లేదు". అందులో ఎవరూ ఎవరినీ క్షమించమనరు. అనడానికి అక్కడ యజమాని లేడు.

బజారును మరీ పొగడనక్కర్లేదు కూడా. సేటు మనసు బాగుంటే పది రూపాయలు, బాగోకుంటే నాలుగు తిట్లు. బీదవాడి పూట గడవడం ఒకరి మనసు మీద ఆధారపడటం ఎంత కష్టమో శక్కర్‌నగర్ కుటుంబాలను అడగండి. 1937లో స్థాపించిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని పేరు పొందింది. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఇళ్లలో పెద్దలు తమ జీతం రోజున నలుగురికి చందా ఇచ్చినవారే. ఆసుపత్రి ఖర్చుకు చందా అడగాల్సిన రోజు తమకే వస్తుందని వారిలో ఎవరూ అనుకోలేదు. ఇచ్చే వరుస నుంచి అడిగే వరుసలోకి రావడానికి ఒక్క గేటు మూతపడితే చాలు. అందుకని ఈ మాట ఏ వరుసలో ఉన్నవారైనా వినాలి.

ఇప్పుడు రూతు దగ్గరికి వద్దాం.

ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ధర్మశాస్త్రంలో పొలం యజమానికి ఒక ఆజ్ఞ ఉంది. పంట కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయకూడదు. కింద రాలిన వెన్నులను మళ్లీ ఏరుకోకూడదు. అవి బీదలకూ పరదేశులకూ వదలాలి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఇంకో మెట్టు ఉంది. పొలంలో పన మరచిపోతే దాని కోసం వెనక్కి వెళ్లకూడదు. మన దగ్గర వరి కోతలప్పుడు ముసలమ్మలు పరిగె ఏరుకోవడం చూసినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒకటి గమనించండి. దేవుడు పొలాన్ని బీదవాడికి రాసివ్వలేదు. పొలం యజమానిదే. కానీ అంచు వరకూ కోసుకునే హక్కు యజమానికి లేదు.

రూతు ఏం చేసింది? ఆమె మోయాబీయురాలు, విధవ. పరిగె ఏరుకోవడం ధర్మశాస్త్రం ఆమెకిచ్చినదే. అయినా ఆమె నేరుగా పొలంలోకి దిగలేదు. కోతవాళ్ల మీద ఉన్న పనివాడిని అడిగి, అతడు సరేనన్న తర్వాతే వంగి ఏరుకుంది. చందా డబ్బా పట్టుకునే మన పిల్లలు ముందు నేర్చుకోవలసింది ఇదే. మన పని మంచిదైనా అనుమతి అడగాలి.

తర్వాత బోయజు వచ్చాడు. పొలం యజమాని పొలానికి వచ్చాడు. ఈ ఒక్క సంగతి మా మనసులో బాగా నాటుకుంది. అతడు బేత్లెహేములో ఇంట్లో కూర్చుని పనివాడికి కబురు పంపలేదు. వచ్చాడు, కోతవాళ్లను పలకరించాడు, కొత్త ముఖం చూసి ఈమె ఎవరని అడిగాడు. ఆ తర్వాత అతడు చెప్పవలసినది కోతవాళ్లకు చెప్పాడు. ఆమె మీద చెయ్యి వేయవద్దు, ఆమెను అవమానించవద్దు, గద్దించవద్దు. పైగా పిడికెళ్లలోంచి కొన్ని వెన్నులు కావాలనే జారవిడవండి అన్నాడు. సాయంత్రానికి రూతు ఒడిలో తూమెడు యవలు.

ఇందులో మన సంఘ సభ్యుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. పరిగె ఏరుకునేవారిని రానివ్వాలా వద్దా అనే భారం కోతవాడి మీద లేదు. కూలికి కోసేవాడు సొంతంగా వెన్నులు వదిలితే దొంగ అవుతాడు, గద్దిస్తే పాపి అవుతాడు. అతన్ని ఆ ఇరుకు నుంచి తప్పించినవాడు యజమాని. ఈనాటి గుమ్మం దగ్గర ఏం జరుగుతోంది? ఒక వైపు పన్నెండు గంటలు నిలబడి కాపలా కాసే బీదవాడు. ఇంకో వైపు బీదవాడి కోసం అడిగేవాడు, లేదా తానే బీదవాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన నియమం రాసినవాడు ఆ చుట్టుపక్కల ఎక్కడా కనబడడు. పెద్ద పెద్ద కంపెనీలు ధర్మం చేయడం లేదని మేము అనడం లేదు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర ఆస్తి గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మంచిదే. కానీ ఆ లెక్క ఎక్కడో హెడ్డాఫీసులో తేలుతుంది. మన ఊరి మేనేజరుకు గుమ్మం ముందు రెండు గంటలు చోటిచ్చే అధికారం కూడా ఉండదు.

పోనీ, గుమ్మం ముందు నిలబడనిస్తే చాలా? లూకా సువార్త 16వ అధ్యాయంలో ధనవంతుడి వాకిట్లో లాజరు పడి ఉన్నాడు. అతన్ని ఎవరూ తరమలేదు. కాపలావాడు కర్ర తీయలేదు. ఏ బోర్డూ పెట్టలేదు. అతను అక్కడే ఉండటానికి అందరూ ఒప్పుకున్నారు, అంతే. ధనవంతుడు రోజూ అతన్ని దాటుకుని లోపలికి వెళ్లాడు. ఆ ధనవంతుడికి తీర్పు వచ్చింది కూడా అందుకే. కాబట్టి అడిగేవాళ్లను కంటికి కనబడకుండా చేయడం ఒక తప్పు, కంటి ముందే ఉన్నా చూడకపోవడం ఇంకో తప్పు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటనను రెండు నెలలు నిషేధించారు. చాలామందిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. రోడ్లు శుభ్రమయ్యాయని సంతోషించినవారు మన చుట్టాల్లోనూ ఉన్నారు. రోడ్డు మీద కనబడనంత మాత్రాన ఆకలి తీరిపోదు కదా.

అడగడం సిగ్గుపడే పని కాదని మన జిల్లాకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి సంగతి మీకు తెలుసు. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషన్ తరఫున ఇక్కడ పని చేశారు. ఊళ్లు వెలివేసినవారికి, గుడి మెట్ల దగ్గరా బజారులోనూ చెయ్యి చాపడం తప్ప దారి లేనివారికి ఒక చోటు కావాలని అడిగారు. ఆ చోటు కోసం పెద్ద మొత్తం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్, హిందూ దాత. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచింది. అడిగినవారు ఒక మతం, ఇచ్చినవారు ఒక మతం, బాగుపడినవారు అన్ని మతాలవారు. మంచి కోసం అడగడానికి మన మతం వాడి గుమ్మమే కావాలని లేదు.

మన పిల్లల సంగతికి వస్తాం. కొందరు పెద్దలు దుకాణం కాంపౌండు దాటి రోడ్డు మీద నిలబడమన్నారు. ఒక పిల్లవాడు వీడియో తీసి పెడితే దుకాణం వాళ్లే దిగొస్తారన్నాడు. రెండూ మాకు నచ్చలేదు. వీడియోలో కనబడేది యజమాని ముఖం కాదు, మన కాపలా తమ్ముడి ముఖం. అందుకని డబ్బా ఇంట్లో పెట్టి, ఉత్తరం పట్టుకుని మేమే మేనేజరును కలిశాం. ఎవరి కోసం, ఎంత మొత్తం, ఏ రెండు రోజులు, ఎంతసేపు, లెక్క ఎవరు చూస్తారు, అన్నీ ఒక పేజీలో రాశాం. అతను మర్యాదగా కూర్చోబెట్టి, తన చేతిలో లేదని పై ఆఫీసు మెయిల్ రాసిచ్చాడు. కొన్ని రోజులకు జవాబు వచ్చింది. ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలి, కనుక కుదరదు. మేము తిరిగి ఒక్కటే రాశాం. అందరికీ ఒప్పుకోండి, కానీ వంతుల వారీగా. నెలలో ఒక ఆదివారం, గుమ్మానికి ఒక పక్కన ఒక బల్ల, పేరు నమోదు చేసుకున్నవారికి మతం చూడకుండా వరుసగా. ఈ మాటలు రాసే నాటికి దానికి జవాబు రాలేదు.

దుప్పట్లు ఆగలేదు. పాత బజారులో ఒక బట్టల సేటును అడిగితే, "డబ్బా ఎందుకయ్యగారూ, నేను తెచ్చిన రేటుకే దుప్పట్లిస్తా. రూపాయి లాభం వద్దు. కానీ బిల్లు మీ సంఘం పేరు మీదే రాస్తా, లెక్క నాకూ చూపించాలె" అన్నాడు. ఉన్న డబ్బుకే 43 దుప్పట్లు వచ్చాయి. ఇంకా కావలసినవి ఇరవై పైనే. వాటి కోసం పిల్లలు ఇప్పుడు అడగవలసింది దుకాణాన్ని కాదు, మనల్ని.

ఇకమీదట మన సంఘం పేరు మీద చందా పట్టేవారికి ఈ పద్ధతి పెట్టుకున్నాం. యజమాని నోటి మాట లేకుండా ఏ గుమ్మం ముందూ నిలబడకూడదు. ఒక్కరే వెళ్లకూడదు, ఇద్దరుండాలి. డబ్బాకు సీలు వేయాలి, అదే రాత్రి ఇద్దరు పెద్దల ముందు విప్పి లెక్కపెట్టాలి, మొత్తం ఎంతో గుడి బోర్డు మీద రాయాలి. ఫోన్‌పే స్కానర్ సంఘం ఖాతాదే ఉండాలి, ఎవరి సొంతానిదీ కాదు. రోగి ఫోటో, బిడ్డ ఏడుపు చూపించి అడగకూడదు. కాపలా మనిషితో వాదించకూడదు, వెళ్లమంటే నమస్కారం పెట్టి వెళ్లాలి. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగుచేస్తూ, దేవుని ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా ఎవరూ వేలెత్తి చూపకుండా నమ్మకమైన సహోదరులను తోడు పెట్టుకున్నాడు. అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మనకు అక్కర్లేదా?

మన సంఘంలో కిరాణా కొట్టు, మెడికల్ షాపు, టిఫిన్ సెంటరు నడిపేవారున్నారు. మీరు మీ పొలానికి బోయజులు. గుమ్మం దగ్గర ఏం చేయాలో మీ పనిపిల్లవాడి మీద వదలకండి. ఇవ్వదలిస్తే ఎంతివ్వాలో, వద్దనాల్సి వస్తే ఎలా చెప్పాలో మీ నోటితో అతనికి చెప్పండి. వద్దని పంపాల్సి వస్తే, "మాఫ్ కరో" అనే మాట ఇంకా మన బజారులోనే ఉంది. దాని అర్థం తెలిసి అనండి, అవతలి మనిషి ముఖం చూసి అనండి.

కొనేవాళ్లమైన మనకు కూడా ఒక మాట. గుమ్మం ముందు డబ్బా లేదు కాబట్టి ఈ నెల ఇచ్చే పని తప్పిందనుకోవద్దు. దుకాణం తన వాకిలి మూసుకోగలదు కానీ మన సంచికి ఉన్న అంచును మూయలేదు. మన స్త్రీల కూటమిలో అక్కలు, అమ్మలు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన వేస్తున్నారు. నెల సరుకుల చీటీ రాసేటప్పుడు చివరి వరుస ఒకటి అలాగే వదలండి. సబ్బో, కిలో పప్పో, దుప్పటికి సరిపడా డబ్బో. ఎవరి కోసమో పేరు రాయక్కర్లేదు.

ఒక చిన్న కోరిక. ఈ వారం ఏ దుకాణానికి వెళ్లినా గుమ్మం దగ్గర నిలబడ్డ కాపలా మనిషిని పలకరించండి. బోయజు కోతవాళ్లను దీవిస్తూ పొలంలోకి అడుగుపెట్టాడు. వాళ్లు కూడా అతన్ని తిరిగి దీవించారు.

ప్రార్థన చేద్దాం. పొలాలన్నిటికీ యజమానివైన తండ్రీ, మా అంచులు మాకే కావాలనుకునే మనసును మా నుంచి తీసివేయుము. అడిగేవారికి మర్యాద, ఇచ్చేవారికి చూపు, గుమ్మాల దగ్గర నిలబడి పొట్టపోసుకునేవారికి నెమ్మది దయచేయుము. బట్టీల దగ్గర చలిలో పడుకునే ఆ పిల్లలను జ్ఞాపకం చేసుకొనుము, వారిని జ్ఞాపకం చేసుకునే బాధ్యత మా మీద పెట్టుము. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.